ఒక నంబరు ముందుకు

ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూసే కూతురు మిట్టమధ్యాహ్నం ఇంటికి రావడంతో, తల్లి గుమ్మంలోనే ఆపి అడిగింది.

“ఉద్యోగం పోయిందా? మీ ఆయనకేమైనా అయిందా? చెప్పవే!”

“ఏం కాలేదు. కూర్చో.”

“కూర్చోమన్నావంటే ఏదో అయ్యే ఉంటుంది.”

“అమ్మా, నిన్న ఆసుపత్రిలో ఇచ్చిన రిపోర్టేదీ?”

“దిండు కింద ఉంది. గడ్డ వల్ల భయం లేదని రాశారుగా! ఎన్నాళ్ళకో రాత్రి కంటినిండా నిద్రపోయాను. ఏం?”

“ఒకసారివ్వు.”

“ఇవ్వను. ముందు సంగతి చెప్పు.”

“మొన్న మా కంప్యూటర్లో రోగుల పేర్లుండే డేటాబేస్ పాడైంది. బ్యాకప్ నుంచి మళ్ళీ ఎక్కించాను. నేనే.”

“మంచి పనేగా?”

“ఒక్కొక్క పేరుకీ కంప్యూటరే వరస నంబరు వేసుకుంటుంది. ఎక్కించేటప్పుడు, పాత నంబర్లే ఉంచమని చెప్పాలి. చెప్పలేదు. కొత్తగా వేసుకుంటూ పోయింది.”

“వేసుకుంటే మాత్రం? అవే వస్తాయిగా?”

“రావు. నలభయ్యో మనిషి పరీక్ష వద్దని వెళ్ళిపోతే పేరు తీసేశాం. ఆ నంబరు ఖాళీగానే ఉండాలి. నలభై ఒకటో మనిషికి పడిపోయింది.”

“అంటే... వరసలోంచి ఒకడు పోతే వెనకాల వాళ్ళంతా ముందుకు జరిగినట్టా?”

“అంతే. ల్యాబులో పరీక్షకి మీ గడ్డల ముక్కలు పెట్టిన సీసాల మీద మాత్రం పాత నంబర్లే ఉన్నాయి.”

“చూసుకోవద్దూ? గ్యాస్ కట్టేశావా అని నన్ను పదిసార్లు అడుగుతావే!”

“పేర్లన్నీ వచ్చాయో లేదో లెక్కపెట్టాను. సరిపోయాయి. నంబర్లు చూళ్ళేదు.”

“మరి నా దిండు కింద కాగితం?”

“పేరు నీదే. ఫలితం... నీ ముందావిడది.”

“నాదో?”

“డాక్టరుగారు మళ్ళీ ఒకసారి పరీక్ష...”

“డాక్టరు సంగతి కాదు. నాదెవరికెళ్ళింది?”

“నీ వెనకావిడకి.”

“నా వెనకావిడకా? నిన్న కాగితం చూసి అక్కడే కూలబడిపోయిందే, ఆవిడకా?”

“అమ్మా...”

“నేనే మంచినీళ్ళు తాగించానే. తాగిస్తూ, హమ్మయ్య, నాది కాదుగా అనుకున్నాను.”

“నన్ను తిట్టమ్మా. రెండు దెబ్బలు వెయ్యి.”

“ఆవిడకి చెప్పారా?”

“ఇంకా లేదు. ముందు నీకే...”

“ఒక రాత్రంతా అయిపోయింది కదే! ఏడుపు తర్వాత, ముందు ఫోన్ కలుపు. ఆ జబ్బు తనది కాదమ్మా, నాదని నేనే చెబుతాను.”