క్లిక్కమ్మ అనే పేరు గురించి

అధ్యక్ష స్థానంలో ఉన్న మన ప్రెస్ అన్నయ్యగారికి, వేదిక మీది పెద్దలకు, షట్టర్లు ఓ గంట ముందే దించి వచ్చిన మన వీధి షాపులవాళ్ళందరికీ, నా చేతిలో ఇన్నాళ్ళు నలిగిన మీ కంప్యూటర్లకూ నమస్కారం. (నవ్వులు)

ఈ వీడ్కోలు సభలో ఇంతసేపూ నా గురించి ఇన్ని మంచి మాటలు చెబుతుంటే, ఇంత మంచివాడు ఎవరబ్బా అని మధ్యలో నేనే పక్కకి తిరిగి చూశాను. ఇరవై ఆరేళ్ళుగా ఈ వీధిలో ముప్ఫై ఒక్క షాపుల కంప్యూటర్లు, వాటి వైర్లు, వైఫైలు నా చేతి మీదుగానే నడిచాయి. వైరస్ వచ్చినా నన్నే పిలిచారు, ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలిచారు, మందుల షాపు వదినగారైతే ఫ్యాను తిరగకపోయినా నన్నే పిలిచారు. పాస్‌వర్డ్ ఎవరికంటా పడకూడదని నేను నెత్తీనోరూ కొట్టుకుని చెబితే, మన కళ్ళద్దాల షాపు బాబాయి దాన్ని కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించాడు. అదీ, కళ్ళద్దాలు లేకపోయినా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో! (నవ్వులు) నవ్వకు బాబాయ్, ఆ కాగితం ఇంకా అక్కడే ఉందని నాకు తెలుసు.

మూణ్ణెల్లకోసారి మన వర్తక సంఘం గదిలో మీకు జాగ్రత్తల క్లాసు చెప్పేవాణ్ణి. అందులో మీకు బాగా నచ్చింది క్లిక్కమ్మ కథ. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆరేళ్ళ కిందట ఓ సోమవారం సాయంత్రం అన్నయ్యగారి ప్రింటింగ్ ప్రెస్‌లో కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. ఎవడో ఎక్కడో కూర్చుని ఫైళ్ళన్నిటికీ తాళం వేశాడు. పద్దెనిమిదేళ్ళుగా కొట్టిన పుస్తకాలు, కార్డులు, బొమ్మలు ఒక్కటీ మళ్ళీ తెరుచుకోలేదు. అక్కడ డీటీపీ చేసే ఆవిడ ముక్కూమొహం తెలియనివాళ్ళ మెయిల్ క్లిక్ చేసి తెరిచిందని, దొంగ అందులోంచే వచ్చాడని తేల్చారు. తేల్చింది నేనే. నా మాట నమ్మి అన్నయ్యగారు ఆవిడని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆవిడని క్లిక్కమ్మ అని ముందుగా అన్నదెవరో నాకు గుర్తు లేదు గానీ, ఆ పేరుని వీధంతా తిప్పింది నా క్లాసే. చెప్పిన ప్రతిసారీ మీరు నవ్వారు, మీరు నవ్వేకొద్దీ నేను ఇంకాస్త మసాలా కలిపి చెప్పాను.

ఇక్కణ్ణుంచి నవ్వొచ్చే మాటలు లేవు.

అసలు ప్రెస్‌లో జరిగేదేమిటి? ముక్కూమొహం తెలియనివాళ్ళు పంపిన ఫైలు తెరవడమే అక్కడి పని. అది తెరవకూడదంటే అన్నయ్యగారు మర్నాడే ప్రెస్ మూసుకోవాలి. ఆవిడ తెరిచింది ఒక బడివాళ్ళు అచ్చుకి పంపిన క్యాలెండరు. అందులో ఏ మాయా లేదు, నేను వెతికి చూశాను. దొంగ వచ్చింది నా దారిన.

మీ షాపుల్లో ఏది చెడినా ఇంట్లో కూర్చునే బాగుచేయొచ్చని, ప్రతి కంప్యూటర్లోనూ నాకంటూ ఒక దొడ్డిదారి పెట్టుకున్నాను. ముప్ఫై ఒక్క షాపులకీ ఒకటే పాస్‌వర్డ్. రెండుచోట్ల ఒకే పాస్‌వర్డ్ వాడకండర్రా అని మీకు బోర్డు మీద రాసి, కింద గీత కొట్టి మరీ చెప్పినవాణ్ణి, నా దగ్గరికి వచ్చేసరికి గుర్తుపెట్టుకోవడానికి బద్ధకించాను. అది ఎక్కడో బయటపడింది. ఆదివారం ప్రెస్ మూసి ఉండగా ఎవడో నా పేరుతో, నా పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చిన జాడ కంప్యూటర్లో నమోదై ఉంది. మంగళవారం దాన్ని నా కళ్ళతో చూశాను. ఆవిడ మెయిల్ తెరిచింది సోమవారం.

చూసి నోరు మూసుకున్నాను. చెబితే ఒక్క షాపు కూడా నన్ను గుమ్మం ఎక్కనివ్వదని భయం. ఆ వారమంతా అప్‌డేట్ అని బొంకి, షాపు షాపుకీ తిరిగి ఆ పాస్‌వర్డ్ మార్చాను. ఎంత శ్రద్ధో అని మెచ్చుకుని మీరు టీ ఇచ్చారు. తాగాను.

ఆవిడని ఆ తర్వాత ఎవరూ కీబోర్డు దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు కొరియర్ ఆఫీసులో కవర్లకి టేపు అంటిస్తోంది. పోయిన వారం వాళ్ళింటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"నాకెప్పుడో తెలుసండీ" అంది. "సోమవారం పొద్దున నేనొచ్చేటప్పటికే పాత ఫైళ్ళు తెరుచుకోవట్లేదని మీకు చెప్పాను కదా. మీరు మీ పనుల పుస్తకంలో రాసుకున్నారు కూడా. ఆ మెయిల్ వచ్చింది మధ్యాహ్నం."

మరి ఆ మాట అందరికీ ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. సిగ్గులేని ప్రశ్న.

"చెప్పానండీ. కంప్యూటర్ల సంగతి నీకెక్కువ తెలుసా, ఆయనకెక్కువ తెలుసా అన్నారు." ఆ తర్వాత అంది: "మా అబ్బాయిని బళ్ళో క్లిక్కమ్మ కొడుకని పిలిచేవారు. నాకు చెప్పి ఏం లాభం? నవ్వినవాళ్ళకి చెప్పండి."

అందుకే ఈ సభ పెడతామంటే వద్దనలేదు. నవ్వినవాళ్ళు ఇంతమంది నాకు ఒకచోట మళ్ళీ దొరకరు.

అన్నయ్యగారూ, ఆనాటి జాడల కాపీ, నా పుస్తకంలోని ఆ సోమవారం పేజీ ఈ కవర్లో ఉన్నాయి. కింద నా సంతకం ఉంది. మీరు ఇవ్వబోయే జ్ఞాపిక నేను తీసుకోలేను. నా దొడ్డిదారులన్నీ నిన్నటితో మూసేశాను. ఇక మీ కంప్యూటర్లలోకి రావడానికి నాకు దారి లేదు, ఉండకూడదు కూడా.

ఆవిడ వచ్చింది. "పిలిచి మరీ మళ్ళీ అందరిచేత నవ్విస్తారా" అంది, అయినా వచ్చింది. వెనక గుమ్మం దగ్గర నుంచుంది, లోపలికి అడుగు పెట్టలేదు. అందరూ ఒక్కసారి వెనక్కి తిరగండి. సరిగ్గా చూడండి. ఆవిడ ఏ తప్పూ చేయలేదు. తన పని తాను చేసింది, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అబద్ధమాడింది నేను. క్షమించమ్మా. ఆరేళ్ళు ఆలస్యంగా అడుగుతున్నాను, క్షమించకపోయినా సరే.

(కుర్చీలు జరిగిన చప్పుడు)

అన్నయ్యగారు లేచారు. కవరు కోసమనుకున్నాను. దాన్ని బల్ల మీదే వదిలేసి, మెట్లు దిగి, గుమ్మం వైపు నడుస్తున్నారు. దయచేసి దారివ్వండి. ఆయన ఆవిడతో అనబోయే మాట మీకందరికీ వినపడాలి, నేను మైకు కట్టేస్తున్నాను. ఇంతసేపు విన్నందుకు మీకు రుణపడి ఉంటాను. సెలవు.