చిన్న యాంప్లిఫయర్ చాలు

ట్రాక్టర్ మోతకు మొగుడి చెవులు మందగించాయి. ఒట్టి హెడ్‌ఫోన్‌లో పాట సరిగ్గా వినబడటం లేదని, చప్పుడు పెంచే యాంప్లిఫయర్ కొనడానికి ఆమె అతణ్ని బాన్సువాడ బస్టాండు దగ్గరి రేడియోల దుకాణానికి లాక్కొచ్చింది.

“గీ చిన్న డబ్బాతోని ఏమైతది? లైట్లున్న గా పెద్దదే కొందం.”

“పెద్దదానికి మన పైసలు సరిపోవు బావా. ముందుగాల దీన్ని పెట్టుకొని చూడు.”

హెడ్‌ఫోన్ తగిలించుకోగానే అతని ముఖం విచ్చుకుంది.

“సన్నాయి ఎంత మంచిగ వినొస్తుందే. మన పెండ్లిల గూడ గిట్లనే ఊదిండ్రు. గా దినం నువ్వెంత ముద్దుగుంటివో, ఇప్పుడు గూడ గట్లనే ఉన్నవ్.”

బజారంతా తిరిగి చూసింది. ఆమె గబుక్కున హెడ్‌ఫోన్ లాగేసింది.

“ఏందే, మెల్లగ నీ చెవిలనే చెప్పిన గద?”

“నీ చెవులు మూసుకుంటే ఊరందరివి మూసుకుంటయా? చెరుకు బండ్లోళ్లు గూడ ఆగి విన్నరు.”

“అయితే పెద్దది వద్దంటవా?”

“చిన్నదానికే గింత మొత్తుకున్నవ్. పెద్దదైతే కోటగిరి దాక వినొస్తది. ఇదే తీసుకుందం.”

దుకాణదారు వైపు చూడకుండా ఆమె హెడ్‌ఫోన్ మళ్లీ అతని చెవులకు తగిలించబోయి, ఆగింది.

“ఇంకో పాట పెట్టమంట బావా. ఇంకేమన్న చెప్పేదుంటే, చెప్పు.”