సద్ది లేని సంచి

సిద్దిపేటలో సైకిల్ దుకాణం సిద్ధయ్య ఇల్లు. పొద్దు గూకుతున్న వేళ. నడింట్లో పెద్ద గుడ్డసంచి, దాని ముందు సిద్ధయ్య తల్లి కనకవ్వ, ఇంటర్ పాసైన కూతురు స్వరాజ్యం. తెల్లవారితే ముగ్గురూ హైదరాబాదులో కాలేజీ చూడ్డానికి పోవాలి.

"రొట్టెలు తియ్యి."

"ఏం రొట్టెలు బాపమ్మా?"

"సంచిల పెట్టినవి. గుడ్డల ముల్లె గట్టినవి. తీసి బయట పెట్టు."

"ఎందుకే? అన్ని బాపు చెప్పినట్టే పెట్టిన. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం, సీసలల్ల నీళ్లు."

"నీళ్లు గూడ తియ్యి."

"నీళ్లు గూడనా?"

"తియ్యమంటె తియ్యవేందే! ఇంటర్ పాసైనవట, రొట్టె తీసుడు రాదా?"

"తీస్తె బాపు నన్ను సంపుతడు. సద్ది లేకుంట అడుగు బయట పెట్టనని అన్నడు. అమ్మ ఉన్నా బాగుండు, చెల్లె కాన్పని చేర్యాల పోయి కూసున్నది. నువ్వేమో గిట్ల సతాయిస్తున్నవ్."

"సతాయిస్తలేను. సద్ది ఎందుకు పెట్టమన్నడో చెప్పు. నిన్న నీ బాపు ఏమన్నడు?"

"సీటు వస్తె వచ్చింది, ముందుగాల కాలేజి సూస్త, హాస్టల్ సూస్త, మనసున పడితె చేర్పిస్త, లేకుంటె పిల్లను ఎంబడే తోల్కొస్త అన్నడు."

"గది గాదు. దాని ఎన్క ఏమన్నడు?"

"పిల్లనిచ్చే ముందు పిలగాని ఇల్లు సూడ పోతం గదా, గిది గూడ గట్లనే అన్నడు. నచ్చకముందు ఆళ్ల తాన చెయ్యి గడగ, మంచినీళ్లు గూడ ముట్ట అన్నడు."

"ఆఁ! గదీ ముచ్చట. మన దిక్కు ఇల్లు సూడ పోయినోళ్లు ఎప్పుడు తింటరు?"

"సంబంధం ఒప్పుకుంటె తింటరు. నచ్చకుంటె, మాకు ఆకలైతలేదని చెప్పి లేసొస్తరు."

"మరి తిన్నరంటె?"

"ఒప్పుకున్నట్టే."

"తిన్నంక మాట మారిస్తె?"

"ఇజ్జత్ పోతది."

"నీ బాపు ఇజ్జత్ ఉన్న మనిషా, కాదా?"

"ఉన్న మనిషే గని... బాపమ్మా! నువ్వు... బాపుకు హాస్టల్ల అన్నం..."

"మెల్లగనవే! గోడకవతల రబియాబీ ఉన్నది."

"హాస్టల్ల అన్నం తినిపిస్తవా?"

"నేనెందుకు తినిపిస్త? ఆకలే తినిపిస్తది. నా కొడుకు ఆకలి నాకెర్క లేదా? పొద్దుగాల చాయ్ దాగి బస్సెక్కుతడు. కుకునూరుపల్లి రాంగనే కడుపు రాసుకుంటడు. ములుగు దాటినంక ఎవ్వలు పలకరిచ్చినా కసురుకుంటడు. ఇగ పట్నంల దిగేసరికి రాయిచ్చినా నములుతడు. చూడనొచ్చిన తల్లిదండ్రులకు పగటీలి అన్నం పెడతరని నువ్వే అంటివి గదా?"

"పెడతరట. కాని నడుమ ప్రజ్ఞాపూర్‌ల బస్సు ఆగుతది. బాపు దిగి మిర్చీలు తింటడు."

"దిగనిస్తె గదా! బస్సు ఆగంగనే ఆయన భుజం మీద తలకాయ పెట్టి నిద్రపోత. కన్నతల్లి పండుకుంటె లేపుతడా? లేపడు. మిర్చీల వాసన సూసుకుంట గట్లనే కూసుంటడు, పాపం."

"నీకు నిద్ర రాకుంటె?"

"గురక గూడ పెడతనే, ఫికర్ జెయ్యకు."

"ఆగాగు. నిన్న నువ్వే గదా వద్దన్నది? బాపు ముందట ఎంత లొల్లి జేసినవ్! ఆడివిల్లకు పట్నమేంది, నేనే వచ్చి గా హాస్టల్ల వంద తప్పులు పడత అన్నవ్. నేను దుప్పటి కప్పుకొని ఎంతసేపు ఏడ్సిన్నో నీకెర్కనా?"

"ఏడ్సినవా? అయ్యో బిడ్డా... పోనియ్యి, ఏడ్సుడే మంచిగైంది. నువ్వు నవ్వుకుంట తిరిగితె నీ బాపుకు అనుమానం వస్తుండె."

"అంటె, గది ఉత్త లొల్లేనా?"

"ఉత్తదే. గట్ల అనకుంటె ఈ ముసల్దాన్ని ఎంబడి తోల్కపోవునా? తప్పులు పట్టనీకి తోడు దొర్కిందని తోల్కపోతుండు."

"ఎంత దొంగవే బాపమ్మా!"

"నీ కోసమని మురువకు. నువ్వు పట్నంల ఉంటె, పిల్లను సూసొస్త అని నెలకోసారి బస్సెక్కుత. జూ సూస్త. ఏనుగులున్నయట, పులి ఉన్నదట."

"పులి కోసమా?"

"పులి కోసమే... ఒక్క పులి కోసమే గాదు. నువ్వు కూసొని లెక్కలు జేస్తుంటె నాకు మస్తు సంబురమైతదే. ఒక్క ముక్క అర్థం గాదు, అయినా పక్కన కూసోబుద్ధి అయితది. నా ఇంట్ల నుంచి ఒక్కతన్న గంత సదువుతదంటె నాకేం కావాలె? ఎల్లుండి దాటితె సీటు ఇంకొకలకు ఇస్తరంటివి. నేను బతికుండంగ గట్ల కానియ్య. కండ్లు తుడుసుకో. రొట్టెలు తియ్యి."

"తీసి ఏడ పెట్టాలె? ఇంట్ల ఉంటె బాపుకు వాసన వస్తది."

"గోడ మీదికెల్లి రబియాబీకి ఇయ్యి. ఆళ్లింటి నిండ మనుషులే. చిటికెల అయిపోతయ్."

"ఏమని ఇయ్యాలె?"

"మొక్కున్నదని చెప్పు. జల్ది పో."

"రబియాబీ ఖాలా! ఓ ఖాలా! గోడ కాడికి రా!"

"ఇచ్చినవా?"

"ఇచ్చిన. రబియాబీ ఖాలా నెత్తి మీద చెయ్యి పెట్టి దువా ఇచ్చింది. ఏ దేవునికి మొక్కు అని అడిగింది."

"ఏమన్నవ్?"

"కాలేజి దేవునికి అన్న."

"మంచిగన్నవ్. నాకంటె నువ్వే ఎక్కువున్నవ్. ఇగ సంచిల నీ బట్టలు పెట్టు."

"నా బట్టలెందుకు? పొద్దుమీకి మళ్ల వస్తం గదా?"

"నేను, నీ బాపు వస్తం. నువ్వెందుకొస్తవ్? తిన్న కాడనే ఒప్పుకునుడు, ఒప్పుకున్న కాడనే చేరుడు. మళ్ల ఇంటికొస్తివా, మీ అమ్మ వచ్చి పట్టుకొని ఏడుస్తది, నీ బాపు కరిగిపోతడు. లంగ ఓణీలు పెట్టు. సబ్బు, దువ్వెన, దుప్పటి పెట్టు."

"దుప్పటి పట్టదు."

"పడతది. మోకాలు పెట్టి వొత్తు."

"ఇత్తడి చెంబు?"

"గది గూడ పెట్టు. లేపి సూస్తె బరువు తగలాలె గదా. మీద సకినాలు పెట్టు, సంచి మూతికెల్లి కనపడేటట్టు."

"సకినాలు పెడితె బాపు గవి తింటడు!"

"తినమను సూస్త. గవి ఎప్పటియో పాతయి. పన్ను ఇరుగుతది గని సకినం ఇరగది."

"బాపమ్మా, తలుపు సప్పుడు. బాపు వచ్చిండు!"

"మొకం మంచిగ పెట్టు. నవ్వకు. అగో, నవ్వకన్ననా!"

"ఏం జేస్తున్రు ఇద్దరు?"

"ఏమున్నది సిద్ధయ్యా, నువ్వు చెప్పినట్టే సద్ది గడ్తున్నం. దుకాణం అప్పుడే బంద్ జేసినవా?"

"జేసిన. పొద్దుగాల లేవాలె గదా. సద్ది కట్టుడు అయిందా బిడ్డా?"

"అయింది బాపూ."

"సంచి గింత పెద్దగున్నదేంది?"

"రొట్టెలు పొంగినయ్ రా."

"జొన్నరొట్టెలు పొంగుతయా అవ్వా?"

"నీ బిడ్డ చేస్తె పొంగుతయ్."

"మెత్తగ గూడ ఉన్నది."

"వొత్తకు! సకినాలు ఇరుగుతయ్."

"సకినాలు మీదనే ఉన్నయ్ గదా. నేను వొత్తింది నడుమ. నడుమ ఏమున్నది?"

"నడుమ... కారం."

"నువ్వు ఊకో అవ్వా. బిడ్డా, నువ్వు చెప్పు. నడుమ ఏమున్నది?"

"కారం బాపూ."

"నా దిక్కు సూసి చెప్పు."

"కారమే బాపూ. ఉల్లిగడ్డ కారం."

"మంచిది. మరి గల్లీ మలుపు కాడ రబియాబీ కొడుకు ముక్తార్ ఎదురొచ్చిండు. చేతుల జొన్నరొట్టె. చాచా, రొట్టెలు మస్తున్నయ్, ఏం మొక్కు చాచా అన్నడు. ఏం మొక్కు అవ్వా?"

"మొక్కంటె... మొక్కేరా. ఆడోళ్ల మొక్కులు నీకెందుకు?"

"ఏ దేవునికి?"

"కాలేజి దేవునికి బాపూ."

"నువ్వు సప్పుడు జెయ్యకు! అవ్వా, సంచి ఇటియ్యి."

"ఇయ్య."

"ఇయ్యవే."

"ఇయ్య పోరా! కన్నతల్లి చేతులకెల్లి గుంజుకుంటవా?"

"గుంజుకోను. నువ్వే మూతి ఇప్పు. ఇప్పుతవా, ఇప్పవా? ఆఁ... సకినాలు. గిది లంగ. గిది ఓణి. దువ్వెన. దుప్పటి. దుప్పట్ల చుట్టి చెంబు! రొట్టెలు ఏవి?"

"లెవ్వు."

"ఒక్కటన్న?"

"ఒక్కటి గూడ లేదు. మొత్తం నేనే తీపిచ్చిన. నువ్వు ఆకలికి ఆగవు, ఆడ తింటవు, తిన్నంక కాదనలేవు. గందుకు జేసిన. పిల్లను ఏమనకు, తిట్టేదుంటె నన్ను తిట్టు."

"నువ్వు జేసినవా? నిన్ననే గదా నువ్వు వద్దన్నది?"

"ఉత్తగన్న."

"వంద తప్పులు పడత అన్నది?"

"గదీ ఉత్తదే."

"పట్నంల ఆడివిల్ల ఆగమైతది అన్నది?"

"ఎన్నిసార్లు అడుగుతవ్ రా? అన్ని ఉత్తయే! నాకు నా మనుమరాలు సదువాలె. గంతే."

"బాపూ..."

"నువ్వేంది, ఏడుపా?"

"ఏడుస్తలేను. నేనెప్పుడు నోరు దెరిచి అడగలే. ఇప్పుడు అడుగుతున్న. నాకు పోవాలని ఉన్నది బాపూ. శానా ఉన్నది. నువ్వు తోల్కొస్తె ఎన్కకు వస్త, నీకు ఎదురు మాట్లాడ. కాని మనసు మాత్రం ఆడనే ఉంటది."

"ఏందిరా, పిల్ల గట్ల అడుగుతుంటె నవ్వుతున్నవ్? నీకు మనసే లేదా?"

"నవ్వక ఏం జెయ్యాలె అవ్వా? గా సద్ది నేనెందుకు కట్టుమన్ననో ఎర్కనా?"

"ఆడ తినొద్దని."

"నువ్వు నమ్మాలని. రేపు పట్నంల దిగేటప్పుడు సంచిని బస్సులనే మర్సిపోదామనుకున్న."

"మర్సిపోవుడేంది?"

"నీ ఆకలి నాకెర్క లేదా? నా ఆకలి ఎవ్వలికెల్లి వచ్చింది? సద్ది పోతె నువ్వు ఒక్క గడియ ఆగవు. హాస్టల్ల ముందుగాల నువ్వే తింటవ్. నువ్వు తిన్నంక ఇగ వద్దనవు. నీ మాట కాదని పిల్లను పంపుడు నాతోని కాదు, గందుకే నీ చేతనే సరే అనిపియ్యాలని గీ ప్రయాణం పెట్టిన."

"ఆగు బాపూ! బస్సుల ఇడిసిపెడుతుంటివా? నా బట్టలు! నా లంగ ఓణీలన్ని పోతుండె!"

"నాకేమెర్క బిడ్డా, గండ్ల రొట్టెలున్నయనుకుంటి!"

"నవ్వకుండ్రి ఇద్దరు! ఓరి సిద్ధయ్యా, తల్లినే ఎండవెడదామనుకున్నవా?"

"నువ్వు కొడుకును ఎండవెడదామనుకోలేదా?"

"నేను తల్లిని, నాకు చెల్లుతది. గని ఒక్కటి చెప్పు. నన్ను ఒప్పియ్యాలె అంటున్నవ్, సరె. నీకు నచ్చొద్దా? హాస్టల్ సూడకముందే, పిల్లను పంపుడే అని ఎట్ల అనుకున్నవ్?"

"మొన్న శుక్రారం పట్నం పోయిన గదా."

"సైకిల్ సామాన్లకు పోతున్న అంటివి."

"అన్న."

"మరి పోలేదా?"

"పోయిన. సామాన్లు తేలే."

"సిద్ధయ్యా... సక్కగ చెప్పు. ఏడికి పోయినవ్?"

"హాస్టల్ వార్డెనమ్మ వరండల పీట ఏసి కూసోపెట్టింది అవ్వా, పప్పుచారు మస్తున్నదని రెండుసార్లు పెట్టిచ్చుకొని తిన్న."