‘కిటికీ’ కింద పాట

(ప్రదర్శన తలుపులు ఇంకా తెరవలేదు. మొదటి గదిలో, పాత టీవీ ముందు అక్కాచెల్లెళ్లు.)

“ఆపకు.”

“అయిపోయిందే. నా ‘కిటికీ’ వీడియో అంతే. పరదా కదలడం ఆగిపోతుంది, తెర నిండా చుక్కలొస్తాయి, అయిపోతుంది.”

“చుక్కల తర్వాత?”

“తర్వాత ఏముంటుంది? చుక్కలే.”

“నా చెవిలో పువ్వు పెట్టకక్కా. టేపు ఇంకా మిగిలుంది, ఇదిగో, కంటికి కనిపిస్తోంది. మీ ఆపరేటర్ గారు చెప్పారు. పాత రికార్డింగ్ మీద కొత్తది తీస్తే, కొత్తది ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచి పాతది అలాగే ఉంటుందట.”

“ఆయన నోరు ఊరుకోదు.”

“అంటే ఉందన్నమాట!”

“ఉందని నేనన్నానా?”

“లేదని కూడా అనట్లేదుగా! అది నా పాట. నా పాట చెరిపేసి, దాని మీద అరగంట సేపు కిటికీ పరదా తీశావు. తీసి ఇంతదానివయ్యావు. వీడియోని కళ చేసిన మొదటి మనిషివట! నీ జీవితమంతా గదులు గదులుగా పేర్చారు. మొదటి గదిలో ఇదే.”

“నెమ్మదిగా. బయట జనం ఉన్నారు.”

“నా గొంతు ఆ తలుపు దాటదులే. గొంతుకి ఆపరేషన్ అయ్యాక పక్క మంచం దాకా కూడా వెళ్లట్లేదు.”

“చిన్నీ...”

“ఎందుకు చెరిపావు? ఒక్కసారి చెప్పు. ఆపరేషన్ జరిగిన ఆ నెలంతా మత్తుమందులతోనే గడిచింది, ముందేం జరిగిందో వెనకేం జరిగిందో నాకు సరిగ్గా గుర్తే లేదు. ఆసుపత్రి నుంచొచ్చి, వెళ్లే ముందు నువ్వు తీసిన నా పాట పెట్టక్కా అంటే ఏమన్నావు? ‘టేపు కావాల్సొచ్చింది’ అన్నావు. ఇన్నేళ్లూ అదే మాట.”

“ఇప్పుడూ అదే మాట.”

“కావాల్సొచ్చిందట! బీరువాలోంచి నా చీర తీసి కట్టుకున్నట్టు!”

“తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. నాకు అలవాటే.”

“తిట్టడానికి రాలేదు. నా కూతురు బయట నిలబడి ఉంది. నేను పాడేదాన్నే అంటే నవ్వుతుంది. ఈ బొంగురు గొంతు తప్ప దానికి ఇంకోటి తెలీదు మరి. ఒక్కోసారి నాకే అనుమానమొస్తోంది, నిజంగా పాడేదాన్నా అని. ఒక్క ముక్క వినిపించక్కా. నీకు పుణ్యముంటుంది.”

“పాత టేపే. లాగితే తెగిపోతుంది.”

“ఇందాక అరగంట ఆడింది, తెగలేదేం?”

“తలుపులు తీసే టైమైంది. పద.”

“తియ్యనీ. మైకు దగ్గరికెళ్లి చెబుతా. మీరంతా చప్పట్లు కొడుతున్న ఈ బొమ్మ కింద మా అక్క పూడ్చిపెట్టిన పాట ఉందని చెబుతా.”

“చెప్పుకో.”

“చెప్పనా? పరువు పోతుందక్కా!”

“పోనీ. అందరి ముందూ చెప్పు. టేపు జోలికి మాత్రం వెళ్లకు.”

“పరువు పోయినా ఫర్వాలేదా? అంత భయపడేది ఏముంది అందులో?”

“నా గురించి కాదే నా భయం.”

“మరి ఎవరి గురించి?”

“చూడు, నా మీద కోపంతోనే ఇన్నాళ్లూ నిలబడ్డావు. అలాగే ఉండు. నాకేం కష్టం లేదు.”

“ఇలాంటి పెద్ద మాటలు పత్రికలవాళ్లకి చెప్పుకో. జరుగు.”

“వద్దే. నీకు దండం పెడతా.”

“చెయ్యి తియ్. నొక్కేశా.”

“చుక్కలే, చూశావుగా. ఇక పద.”

“ఉండు, ఉండు... అయ్యో! అక్కా, నేనే! ఆ జడ చూడు. ఎంత సన్నగా ఉన్నానో!”

“సరే, చూశావు. ఆపేద్దాం.”

“ష్! విను... అబ్బ, ఎంత పైకి వెళ్లిందో! ఎక్కడా వణకలేదు. బాగా పాడానక్కా. నేను బాగా పాడేదాన్ని!”

“నువ్వెప్పుడూ బాగానే పాడావు. అది చాలమ్మా. ఏడవకు. నేను ఆపేస్తున్నా.”

“ముట్టుకున్నావంటే ఊరుకోను! పాట అయిపోయింది, తెర మీద నేను నీతో ఏదో అంటున్నాను. సౌండ్ పెంచు.”

“వద్దు చిన్నీ. నా మాట విను.”

“పెంచమంటున్నానా!”

(టీవీలోంచి, పాట పాడిన అదే గొంతు.)

“ఛీ, పాడు గొంతు! ఎవరైనా వింటే నవ్విపోతారు. అక్కా, మొత్తం చెరిపెయ్. చెరపమన్నది నేనేనని ఎవరికీ చెప్పకు, నా మీదొట్టు. రేపు నేనే ఏడ్చి అడిగినా చెప్పకు.”