మోకాలి కొలత

నిచ్చెన బావ గొంతు సవరించుకున్నాడంటే టీ కొట్టులో గ్లాసులు కడిగే చప్పుడు కూడా ఆగిపోతుంది. ముప్పై ఏళ్లు లారీలు తోలి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. ఆరడుగుల నాలుగంగుళాలు. ఆ పొడుగు వల్లే వీధి వీధంతటికీ నిచ్చెన అయ్యాడు. ఆయన చెప్పిందాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేసుకుని వినమని టీ కొట్టావిడ కొత్తగా వచ్చినవాళ్లకి ముందే చెప్పి పెడుతుంది.

ఆ ఉదయం అందరూ చెవులు రిక్కించుకుని కూర్చున్నారు గానీ, పక్క షాపు దర్జీ మాత్రం టీ ముట్టుకోలేదు. బావ కోతలు కోస్తున్నది కొట్టులో ఉన్నవాళ్ల కోసం కాదని అతనొక్కడికే తెలుసు. రోడ్డుకి అవతల ఇంటిముందు కుర్చీ వేసుకుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని బఠాణీలు ఒలుస్తున్న అక్క కోసం. అక్కంటే బావ భార్య. దర్జీకి తోబుట్టువేం కాదు, పాతికేళ్లుగా నోరారా పిలుచుకుంటున్నాడు, అంతే.

అక్కకి మోకాళ్లు అరిగిపోయి రెండేళ్లయింది. బస్సు మెట్టు, ఆటో మెట్టు ఏదీ ఎక్కలేదు. ఒకసారి ఎవరో ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఆటోలోకి ఎత్తి కూర్చోబెట్టారు. ఆ రోజు ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. "ఇకమీదట నా కోసం ఎవరూ ఒంగక్కర్లేదు, నన్నెవరూ మొయ్యక్కర్లేదు" అంది. అన్నది అన్నట్టే ఆ కుర్చీ దాటి రాలేదు. ఊరికి ఆ చివర నడుం విరిగి మంచాన పడ్డ సొంత చెల్లెల్ని కూడా రెండేళ్లుగా ఫోన్‌లోనే పలకరిస్తోంది.

నాలుగు రోజుల కిందట బావ ఒక పాత కారు కొన్నాడు. చిన్నది, నీలం రంగుది, ఇంటి పక్కనే ఆపి ఉంది. అది తన కోసం కొన్నదని తెలిస్తే అక్క దాన్లో కాలు పెట్టదు. కాబట్టి అది బావ పొడుగుకే అతికినట్టు సరిపోయిందని ఆవిడ నమ్మాలి. ఆ నమ్మించే పనే ఇప్పుడు నడుస్తోంది, రోడ్డు దాటి వినపడేంత గొంతుతో.

"నేనేం ఘనకార్యం చెయ్యలేదర్రా," అని వినయంగా మొదలెట్టాడు బావ. ఆయన వినయంగా మొదలెడితేనే భయపడాలి. "మెడ వంచకుండా ఒక చిన్న కారులో కూర్చున్నాను, అంతే. మన దగ్గరున్న డబ్బుకి ఓడలంత కార్లు రావు కదా, చిన్నవే చూసుకోవాలి. మొదటి బండిలో కూర్చుని తలుపేశానో లేదో, ఠప్పున చప్పుడు. దిగి చూద్దును కదా, టాపు మీద నా తలకాయంత బొడిపె! అమ్మేవాడు లబోదిబోమన్నాడు. ఊరుకో బాబూ అని మళ్లీ ఎక్కి, లోపల్నుంచి తల అటూ ఇటూ తిప్పి చదును చేసిచ్చాను."

"తలతోనే?" అన్నాడు సెలూన్ ఆయన.

"మరి సుత్తి నువ్విచ్చావా? విను. రెండో బండిలో మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి. కుడి మోకాలు సరిగ్గా హారన్ మీద. ఊపిరి పీల్చినప్పుడల్లా హారనే! ఎవరో మంత్రిగారు వస్తున్నారనుకుని జనం రోడ్డు పక్కన నిలబడి దండాలు. ఒకాయన అర్జీ కూడా ఇచ్చాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా ఆయన అడిగిన పని జరిగిపోయింది!"

కొట్టు ఘొల్లుమంది. దర్జీ రోడ్డు అవతలికి ఓరగా చూశాడు. అక్క తల ఎత్తలేదు. గింజలు పళ్లెంలో పడుతూనే ఉన్నాయి.

జరిగింది దర్జీకి తెలుసు. పాత బండ్లు అమ్మే చోట్లన్నీ బావతో కలిసి తిరిగింది తనే, మెడలో టేపు వేసుకుని. చేతిలో ఉన్న సొమ్ముకి చివరికి రెండే మిగిలాయి. మొదటిది ఎత్తు టాపు బండి. బావ దాన్లో కూర్చుంటే తలమీద బెత్తెడు జాగా మిగిలింది, కాళ్లు చక్కగా చాపుకున్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. అంతలోనే దిగి, "తమ్ముడూ, అవతలి తలుపు దగ్గర నేలకీ బండికీ ఎంతుందో కొలువు" అన్నాడు. దర్జీ కొలిచి చెప్పాడు. అక్క కాలు అంత ఎత్తు లేవదు. బావ ఆ తలుపు మెల్లగా మూసేశాడు. అప్పుడు పక్కనే ఉన్న ఈ నీలం బండి కొలిచారు. వెడల్పాటి తలుపు, కిందకి ఉన్న గడప, సీటు సరిగ్గా అక్క మోకాలి ఎత్తుకి. బావ కూర్చుంటే తల టాపుకి తగిలి మెడ పక్కకి ఒరిగింది. "ఇదే బావుంది" అన్నాడు.

"ఇక ఈ నీలం బండి!" బావ లేచి నిలబడ్డాడు. కొట్టు రేకు నెత్తికి కొట్టుకుంటే లెక్కచెయ్యలేదు. "చూడ్డానికి అగ్గిపెట్టె. లోపల కూర్చున్నానా, టాపు కనపడదే! చెయ్యెత్తాను, అందలేదు. 'ఎవరక్కడ' అని అరిస్తే నా గొంతు నాకే తిరిగొచ్చింది. సరే, వెనక సీటు ఎలా ఉందో చూద్దామని లేచి నడిచాను. నడిచాను, నడిచాను, చెప్పు తెగింది. సగం దారిలో దాహమేసి వెనక్కొచ్చేశాను. ఇప్పటిదాకా ఆ వెనక సీటు చూసిన పాపాన పోలేదంటే నమ్ము!"

"చాల్లే, టీ చల్లారిపోతోంది," అంది టీ కొట్టావిడ నవ్వాపుకుంటూ.

"టీ ఎక్కడికి పోతుందిగానీ, ఆ తర్వాత ఏమైందో తెలుసా? చౌరస్తాలో పోలీసాయన ఆపాడు. ఇంత పొడుగు మనిషి ఇంత చిన్న బండిలో ఎలా పట్టాడు, లోపలేదో మోసం ఉందన్నాడు. చూసుకోండి సార్ అని తలుపు తీశాను. లోపలికెళ్లాడు. ఇంకా రాలేదు! నాలుగు రోజులైంది. పొద్దున్నే చెవి పెట్టి వింటే వెనకెక్కడో ఈల వినపడుతోంది పాపం. రేపు ఆయన్ని వెతకడానికి ఇద్దర్ని పంపుతున్నారట, టార్చిలైట్లిచ్చి!"

సెలూన్ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "అంత చోటుంటే, బావగారూ, నుదుటి మీద ఆ దెబ్బేంటి?"

బావ నోరు తెరిచాడు. అప్పుడే రోడ్డు అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

అక్క పళ్లెం కింద పెట్టి, కర్ర అందుకుని, రోడ్డు దాటుతోంది. రెండేళ్లలో మొదటిసారి. సైకిలు మీద పోతున్న మనిషి తనంతట తనే ఆగిపోయాడు. దర్జీ వెళ్లి చెయ్యిద్దామని లేచి, ఆవిడ చూపు చూసి మళ్లీ కూర్చున్నాడు.

ఆవిడ వచ్చి బల్ల పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. ముందు దర్జీ వైపు తిరిగింది.

"తమ్ముడూ, కిందటి నెల నాకు నైటీ కుడతానని కొలతలు తీసుకున్నావు. పాతికేళ్లుగా నిలబెట్టి కొలిచేవాడివి, ఆ రోజు కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి మోకాలి దాకా కొలిచావు. మడమల దాకా ఉండే నైటీకి మోకాలి కొలత ఎందుకురా?"

దర్జీ టేపు చివర వేలికి చుట్టుకున్నాడు. పైగా ఆ నైటీ ఇంకా కుట్టనే లేదు.

ఆవిడ బావ వైపు చూసింది. "మెడ వంచకుండా కూర్చున్నారుగా! మరి నాలుగు రోజులుగా మీ మెడకి మందు రాస్తున్నది ఎవరు?"

బావ చెయ్యి తనంతట తనే మెడ మీదికి వెళ్లింది.

"నిన్న మీరు స్నానానికి వెళ్లినప్పుడు తాళం తీసుకుని వెళ్లి కూర్చున్నాను," అంది అక్క. "కొలిచి కుట్టినట్టు సరిపోయింది. నాకు. మీ నోట నిజం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. పోలీసాయన దాకా వెళ్లారుగానీ నిజం దగ్గరికి మాత్రం రాలేదు."

బావ మెల్లగా బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నా ఆవిడంత ఎత్తున్నాడు. "నీ చెల్లెలు రోజూ అడుగుతోంది కదే, ఎప్పుడొస్తావక్కా అని," అన్నాడు చిన్న గొంతుతో. "నువ్వు ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరిగి కూర్చుంటావు. నేను చూడలేకపోతున్నాను. నిజం చెబితే ఎక్కవని..."

అక్క చెయ్యి చాపి ఆయన నుదుటి మీద దెబ్బని బొటనవేలితో తడిమింది.

"మెకానిక్కి చెప్పి ఆ వెనక సీటు తీయించెయ్యండి. ఉండేది మనిద్దరమేగా. మీ సీటు వెనక్కి జరిగి వాలుతుంది."

"రెండు మూడు రోజులు పడుతుందేమో."

"పడనివ్వండి. అందాకా మీరు ఒంగే తోలండి," అంది అక్క. "మీరు ఒంగితే నేను చూడలేను. అయినా ఎక్కుతాను. పదండి, చెల్లి ఎదురుచూస్తుంటుంది."

బండి దగ్గర ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అక్క వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, ఒక కాలు లోపల పెట్టుకుని, రెండో కాలూ పెట్టుకుంది. దర్జీకి కళ్లు చెమర్చాయి. తను ఇన్నేళ్లలో తీసుకున్న కొలతల్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదనిపించింది.

తర్వాత బావ ఎక్కాడు. ముందు తల, తర్వాత ఒక భుజం, ఆ తర్వాత చాలాసేపటికి మిగతా మనిషి. తలుపు పడగానే హారన్ మోగింది. కుడి మోకాలు. అంటే రెండో బండి కథ అంతా అబద్ధం కాదన్నమాట.

అక్క కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"మేము వచ్చేసరికి ఆ నైటీ కుట్టి పెట్టు తమ్ముడూ. ఇదిగో, ఆ పోలీసాయన ఇంట్లోవాళ్లు ఎవరైనా వస్తే కంగారు పడొద్దని చెప్పండి. వెనక్కి వెళ్లి నేను వెతికి తీసుకొస్తాను, ఇప్పుడు నా మోకాళ్లు బాగానే ఉన్నాయి."

బండి కదిలింది. వీధి మలుపు దాకా హారన్ మోగుతూనే ఉంది, జనం పక్కకి తప్పుకుని దారి ఇస్తూనే ఉన్నారు.