ఏడో అధ్యాయం విన్నవాళ్ళు

కళ్ళు మూసుకుంటే కుదరదన్నయ్యా! నిద్ర నటించడం నీకెప్పుడూ చేతకాలేదు, పక్షవాతం వచ్చాక కొత్తగా నేర్చుకున్నావా? ఇటు చూడు. నాలుగింటికి ఆ మందుల షాపు అమ్మాయి పాఠానికి వచ్చేస్తుంది.

చెయ్యి ఇలా ఇవ్వు. ఎడమది, ఎడమది. ఔనంటే ఒకసారి నొక్కు, కాదంటే రెండుసార్లు. డాక్టరుగారి దగ్గర బాగానే నొక్కావుగా!

ఆ అమ్మాయి ఆరు అధ్యాయాలు నాకు చదివి అప్పజెప్పేసింది. ఇవాళ ఏడోది, ఆఖరిది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఆ సూఫీ పెద్దాయన చెప్పిన మాటలు ఒకరి నోటి నుంచి ఒకరి చెవికి చేరుకుంటూ మన ఉస్తాద్‌గారి దాకా వచ్చాయి, ఆయన దగ్గర్నించి మనకి. ఊరికే చదివితే సరిపోదు, విన్నవాళ్ళ దగ్గర వినాలి, విన్నట్టు పుస్తకం చివర పేరు రాయించుకోవాలి. ఇదంతా నీకు నేను చెప్పడమేమిటి, పేర్లు రాసిందే నువ్వు!

ఎంత కఠినంగా రాసేవాడివని! "దర్జీ రెండో అధ్యాయం సగంలో వచ్చాడు." "తలుపు దగ్గరి ఇద్దరూ కబుర్లాడుకున్నారు, వినలేదు." నాన్నగారినైనా వదిలావా? "మా నాన్న అయిదో అధ్యాయంలో కునికారు" అని రాసి, పాపం, ఆయన్ని మళ్ళీ మొదటినుంచీ కూర్చోబెట్టావు. వారం రోజులు నీతో మాట్లాడలేదాయన.

మరి నా పేరు పక్కన "మొత్తం విన్నది" అని ఎందుకు రాశావు?

చెయ్యి లాక్కోకు. ఏడో అధ్యాయం రోజున నేను నిద్రపోయానన్నయ్యా. చంటిదానికి జ్వరం, మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదు. గోడకి ఆనుకోవడమే గుర్తు. లేచేసరికి అందరూ చెప్పులేసుకుంటున్నారు. మర్నాడు ఉస్తాద్‌గారు మంచం పట్టారు, ఇక లేవలేదు. మళ్ళీ వినడానికి మనిషి ఏడీ?

నేను నిద్రపోవడం నువ్వు చూశావా?

ఒకసారి. చూశావు! చూసి నలభై ఏళ్ళు ఊరుకున్నావు. నీ రాత చూసుకుని నేను పదకొండు మందికి పాఠం చెప్పాను. "ఉస్తాద్‌గారి నోట విన్నాను" అని సంతకాలు పెట్టాను. ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మనిద్దరమే.

ఇన్నాళ్ళూ లేని భయం ఇప్పుడెందుకనా? నిన్న ఆ అమ్మాయి ఇవాళ్టి పాఠం ముందే తిరగేసి అడిగింది. అల్లాకి భయపడడం గురించిన అధ్యాయం కదా, "ఈ వాక్యం దగ్గర ఉస్తాద్‌గారు ఏం చేశారమ్మా?" అంది. నిద్రపోయానని చెప్పుకోలేక, "ఏడ్చారు తల్లీ" అనేశాను. భయం గురించి చెబుతూ ఎవరైనా ఏడుస్తారు కదా! అది కాస్తా పుస్తకం అంచున రాసేసుకుంది, చెరగని సిరాతో. రేపు ఆమె దగ్గర చదువుకునేవాళ్ళు కూడా అక్కడ ఆగి కళ్ళొత్తుకుంటారు. అన్నయ్యా, పైకి వెళ్ళాక ఆ పెద్దాయనకి నేనేం చెప్పుకోను?

ఏడ్చారా ఉస్తాద్‌గారు? ఏడ్చారని నొక్కు, నీకు పుణ్యముంటుంది.

రెండుసార్లు.

ఏడవలేదా. మరేం చేశారు? కోప్పడ్డారా? కాదా. నవ్వారా ఏం?

నవ్వారా!

దేనికి? నన్ను చూసేనా? అబ్బ, అంత గట్టిగా నొక్కకు! నన్ను చూసి నవ్వారన్నమాట. లేపొద్దన్నారా? పసిబిడ్డ తల్లి, పడుకోనివ్వమన్నారా? అల్లాకి భయపడమని చెబుతూ, మధ్యలో ఆగి, నవ్వి...

ఉండు, కళ్ళు తుడుచుకోనీ.

అయినా నేను వినలేదన్నయ్యా. ఆయన దయ దయే, పాఠం పాఠమే. ఆ అమ్మాయికి చెప్పేస్తాను. వద్దా? ఎన్నిసార్లు నొక్కుతావు! నువ్వు రాసిన ఒక్క మాట అబద్ధమని తేలితే మిగతావీ నమ్మరనా? నాకూ అదే భయం. ఆ పదకొండు మందికీ ఏ మొహం పెట్టుకుని ఉత్తరాలు రాయను?

కానీ విన్నవాడివి నువ్వొక్కడివే మిగిలావు కదా. మంచాన పడితేనేం, చెవులు బాగానే ఉన్నాయిగా! ఆ అమ్మాయి నీకే చదువుతుంది. తప్పొస్తే రెండుసార్లు నొక్కు. నేను ఇక్కడే కింద కూర్చుంటాను. అంతా అయ్యాక నేనే రాస్తాను: "చెల్లెలు అప్పుడు నిద్రపోయింది, ఇవాళ విన్నది." నీ పేరు కిందే రాస్తాను. తిట్టుకుంటే తిట్టుకో.

అదిగో బెల్లు. వచ్చేసింది.

చెయ్యి వదలకన్నయ్యా, నాకు భయమేస్తోంది. ఆఖరి దాకా నువ్వు మేలుకునుండు. నేనెక్కడైనా కునికితే, ఈసారి ఎవరు వద్దన్నా సరే, నన్ను లేపు.