అహోబిలం బస్సును ఆపిన తెల్ల బంతి

నంద్యాల బస్టాండు ఎదురుగా బాలమ్మ టీ బంకు దగ్గర సుందరరాజు నోరు విప్పాడంటే గ్లాసుల్లో టీ చల్లారిపోవాల్సిందే. ఆ సాయంత్రం కూడా అట్లాగే విప్పాడు. కాకపోతే ఆ పొద్దు సిమెంటు బెంచీ చివర నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్న మనిషి ఎవరో ఆయన గమనించలేదు.

ఆ మనిషి పేరు దేవరాజు. ఆళ్లగడ్డలో డ్రిల్లు సారుగా చేసి రిటైరయ్యాడు. పొద్దున కంటి ఆసుపత్రికి వచ్చి, చుక్కలు వేయించుకుని, ఊరికి పోయే బస్సు కోసం కాచుకుని ఉన్నాడు. వెలుతురు పడితే కళ్లు మండుతున్నాయని అద్దాలు తీయలేదు. ఒకప్పుడు ఒత్తుగా ఉండే మీసం తీసేసి చాలా ఏళ్లయింది. మనిషి కూడా బాగా చిక్కిపోయాడు.

అసలు మాట మొదలైంది లోకేశ్ వల్ల. లోకేశ్ కొత్త పూల్ పార్లర్‌లో, బల్ల మీది బంతుల్ని కర్రతో పాకెట్లలోకి కొట్టే ఆట ఆడతాడు, చేయి మంచిదని పేరు. నిన్నటి పోటీలో సరిగ్గా ఇతను బంతికి గురిపెట్టే సమయానికి అవతలివాడి మనుషులు ఈలలు వేశారు, సెల్‌ఫోన్ లైట్లు కళ్లలోకి కొట్టారు. ఇతను ఆడే కర్ర ఎత్తుకుని వాళ్ల మీదికి పోయాడు. పార్లర్ వాళ్లు ఇతన్నే బయటికి పంపారు.

"ఇంగ ఆడను రాజన్నా. ఇది ఆటనా? గలాటా" అన్నాడు లోకేశ్. "కర్ర ఎవరికన్నా ఇచ్చేస్తా."

సుందరరాజు గ్లాసు కింద పెట్టాడు. పెట్టాడంటే మొదలైనట్లే.

"ఆట చూసే జనమంటే ఎట్లుంటారో నీకేం తెలుసప్పా? మా కాలంలో ఉండె జనం! సంజీవనగర్ గేటు కాడ మేడ మీద పూల్ హాలు ఉండె. ఇప్పుడు ఆడ సెల్‌ఫోన్ల షోరూమ్ పెట్టినారు. ఆ హాల్లోనే మొదటిసారి నేను కర్ర పట్టుకుంటి. పట్టుకున్న రోజే ఒక్క దెబ్బకు రెండు బంతులు ఏస్తి."

"రెండు బంతులు ఎవరన్నా ఏస్తారులే రాజన్నా" అన్నాడు ఉమాశంకర్. పక్క సందులో స్టీలు సామాన్ల అంగడి ఆయనది. రోజూ అంగడి మనిషికి అప్పజెప్పి ఈ కోతలు వినడానికే వస్తాడు.

"ఏస్తారప్పా, ఒకే పాకెట్లో ఏస్తారు. నేను ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి ఏస్తి. ఇడిసిపెట్టు, అది చిన్న సంగతి."

గొంతు వినగానే దేవరాజు తల అటు తిప్పాడు. ముప్పై ఏళ్లు దాటింది ఆ గొంతు విని. అయినా మరిచిపోయే గొంతా అది? ఆ మేడ మెట్లు, పచ్చగుడ్డ మీద వేలాడే ట్యూబులైటు, కర్ర మొనకు పూసే నీలం చాక్‌పీసు పొడి వాసన, బంతులు ఒకదాన్నొకటి తాకే ఆ టక్కుమనే చప్పుడు, అన్నీ ఒక్కసారి వచ్చి పక్కన కూర్చున్నట్లయింది. పలకరిద్దామని నోరు తెరిచాడు. అంతలో సుందరరాజు 'ఆళ్లగడ్డ' అన్నాడు. దేవరాజు నోరు మూసుకుని విన్నాడు.

"ఆళ్లగడ్డలో జిల్లా పోటీ పెట్టినారు. ఫైనల్లో ఈ పక్క నేను, ఆ పక్క బొంబాయి చాంపియన్."

"జిల్లా పోటీకి బొంబాయోడు యాడ్నించి వచ్చినాడు?" పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ అడిగింది బాలమ్మ.

"రైల్లో వచ్చినాడు బాలమ్మా. నా పేరు అంత దూరం పోయింటే నేనేం చేయాల? మనిషి ఆరడుగుల పైన, తలుపులో పట్టక వంగి వచ్చినాడు. వేలికొక ఉంగరం. వెంట ముగ్గురు మనుషులు. ఒకడు కర్ర మోసేదానికి, ఒకడు దానికి చాక్‌పీసు పూసేదానికి."

"మూడోవాడు?"

"వాని బదులు ఆలోచించేదానికి."

బంకు ముందర నవ్వులు లేచాయి. దేవరాజు తన చేతివేళ్లు చూసుకున్నాడు. పెళ్లినాటి ఉంగరం ఒక్కటే, అదీ సన్నగా అరిగిపోయి ఉంది. ఆ ఫైనల్‌కు ఆయన పోయింది ఇంటి నుంచి సైకిల్ మీద. కర్ర కూడా హాలువాళ్లదే.

"ఇంగ జనం అంటావా, పాణ్యం నుంచి ట్రాక్టర్లు, డోన్ నుంచి రైలు నిండా, బేతంచెర్ల లారీలైతే నాపబండలు దోవలోనే దించేసి మనుషుల్ని ఎక్కించుకోని వచ్చె. హాలు చాలక పైన రేకులు ఇప్పి, గోడల మీద నుంచి చూసిరి. అంతమంది జనం, ఒక్క ఈల లేదు, ఒక్క కేక లేదు. నేను బంతికి వంగితే ఊరంతా ఊపిరి పట్టేది. ఒక పెద్దాయనకు దగ్గొచ్చె. దగ్గితే నా గురి చెడుతుందని దగ్గును అట్లనే గొంతులో పట్టుకోని, ఆట అయినాక బస్సెక్కి, పాణ్యంలో దిగి, ఇంటికి పోయి, తలుపేసుకోని దగ్గినాడు."

"అబ్బా!" అన్నాడు ఉమాశంకర్.

"అంతెందుకు, చంటిబిడ్డకు ఏడుపొస్తే, తల్లి చెవిలో చెప్పి, బయటికి పోయి ఏడ్చొచ్చింది."

"చంటిబిడ్డ చెప్పిందా?"

"ఆళ్లగడ్డ పిల్లోళ్లు తొందరగా మాటలు నేర్చుకుంటారు లేప్పా."

లోకేశ్‌కు కూడా నవ్వొచ్చింది. నిన్నటి నుంచి ముడుచుకుపోయిన ముఖం కొంచెం విచ్చుకుంది. "ఆ దినాల్లో ఈ ఆటతోనే బతుకుతాంటివా అన్నా?" అని అడిగాడు.

"బతుకుతాంటివా అంటావేందీ! బెంగళూరుకు పోతే డోన్ స్టేషన్లో నా కోసం రైలు ఆపి పెట్టేటోళ్లు. స్టేషన్ మాస్టరు పరుపేసి, 'రొంతసేపు పండుకో సామీ, నువ్వు లేచినాకనే జెండా ఊపుతా' అనేటోడు."

డోన్ స్టేషన్ మాట దేవరాజుకు గుచ్చుకుంది. పండుకున్న మాట నిజం. అప్పట్లో ఒకసారి గుంతకల్లు పోతూ ఆయన కళ్లారా చూశాడు. ప్లాట్‌ఫారం మీద దినపత్రిక పరుచుకుని, భార్య పాత చీరలో చుట్టిన కర్రను చంటిపిల్లలా పొట్టకు అదుముకుని నిద్రపోతున్నాడు సుందరరాజు. తలకింద బన్ను పొట్లం. నాయన విత్తనాల అంగడి వదిలేసి, ఈ ఆటే అన్నం పెడుతుందని నమ్మి ఊళ్లు తిరిగిన మనిషి. ఆ ఆట ఆ రోజుల్లో ఎవరికీ అన్నం పెట్టలేదు. దేవరాజుకు డ్రిల్లు సారు ఉద్యోగం ఉంది కాబట్టి ఆయనకది సాయంత్రపు సరదా. ఆ రోజు లేపి పలకరించాలనుకున్నాడు. లేపితే సిగ్గుపడతాడేమోనని వచ్చేశాడు.

"సరే, ఫైనల్ సంగతి చెప్పు" అన్నాడు ఉమాశంకర్.

"ఆడికే వస్తాండా. ఆట సమానంగా నడిచి నడిచి, ఆఖరికి నాకు నల్ల బంతి మిగిలె. అది ఏస్తే కప్పు నాది. నేను వంగితి."

దేవరాజు ముందుకు జరిగాడు. ఈ ఒక్క దెబ్బ కోసమే ఇంతసేపూ విన్నాడు. ఆ నల్ల బంతి, దాని ముందు వంగిన సుందరరాజు, ఆయన తెల్ల చొక్కా, ఇన్నేళ్లలో ఎన్నిసార్లు కళ్ల ముందుకు వచ్చాయో లెక్కలేదు. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని ఊపిరి బిగబట్టాడు.

"అంతలో కరెంటు పోయె!" అన్నాడు సుందరరాజు. "ఏం చేయాల? చీకట్లోనే కొడ్తి. కొట్టిన దెబ్బకు టేబుల్ కింద పరిచిన బేతంచెర్ల బండ టంగుమనె, కర్రతో కొట్టే తెల్ల బంతి లేచె, కిటికీలో నుంచి బయటికి పాయ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డు మీద అహోబిలం బస్సు పోతాంది. బంతి బస్సులోకి పోయి గంట కొట్టె. టింగ్! డ్రైవర్ బస్సు ఆపె."

"దిగేటోళ్లు దిగినారా?" అంది బాలమ్మ.

"ఇద్దరు దిగినారు. ఒకామె పిల్లోణ్నెత్తుకోని ఎక్కింది కూడా. మల్లా బస్సు కదలాలంటే గంట కొట్టాల కదా? కండక్టర్ టికెట్ ఇస్తాండాడు, చేయి ఖాళీ లేదు. బంతే కొట్టె, టింగ్ టింగ్! బస్సు కదిలె. బంతి దిగి, వెనక టైరుకు తగిలి, ఎగిరి, అదే కిటికీలో నుంచి లోపలికొచ్చి, రెఫరీ నెత్తి మీద రొంతసేపు కూర్చోని, మెల్లగ దిగి, నల్ల బంతిని ఇట్లా, పెండ్లికూతుర్ని అత్తగారింట్లోకి పంపినట్ల, పాకెట్లోకి పంపె. అప్పుడొచ్చె కరెంటు!"

"ఓరి దేవుడా! మరి బొంబాయోడు?"

"నా కాళ్ల మీద పడె. కర్ర ఇరిసేసె. ఉంగరాలన్నీ అహోబిలం హుండీలో ఏసి, గడ్డం పెంచి కొండెక్కె. నేను కప్పు నెత్తిన పెట్టుకోని నంద్యాల దాకా నడిచొస్తి. దోవ పొడుగునా పూలే."

బాలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది, నవ్వీ నవ్వీ. "పాపం ఆ బొంబాయోడు ఇప్పుడెట్ల ఉండాడో" అంది.

"బాగనే ఉండాడమ్మా" అన్నాడు దేవరాజు. "కండ్లకు చుక్కలు ఏసుకోని ఆళ్లగడ్డ బస్సు కోసం కాసుకోని ఉండాడు."

అందరూ బెంచీ చివరికి తిరిగారు. దేవరాజు అద్దాలు తీశాడు. మందు వల్లనో, మరి దేనివల్లనో, కళ్ల నిండా నీళ్లున్నాయి. సుందరరాజు ఆ ముఖంలోకి చూసి, "డ్రిల్లు సారూ!" అన్నాడు.

"బొంబాయి చాంపియన్ ఇంతేనా రాజన్నా? ఐదడుగులు కూడా ఉన్నట్ల లేడే!" ఉమాశంకర్ చప్పట్లు కొట్టి నవ్వాడు. "సారూ, మరి కప్పు?"

"మా ఇంట్లో ఉంది. గెలిచింది నేనే."

అప్పుడు లేచిన నవ్వుకు బస్టాండులో నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూశారు. సుందరరాజు నవ్వబోయాడు కానీ రాలేదు. భుజం మీది టవల్ దులుపుకుని లేచాడు. ఆ లేవడం చూసి దేవరాజుకు తన మీద తనకే కోపం వచ్చింది. చెప్పాలనుకున్నది ఇది కాదు.

"కూర్చో రాజూ. నేనింకా సగమే చెప్పినా" అని చేయి పట్టుకున్నాడు. "ఆ పొద్దు కరెంటు పోలేదప్పా. నల్ల బంతి పాకెట్ ముందరే ఉండాది, ఈయప్ప కండ్లు మూసుకోని ఏసేదే. వంగినాడు. కొట్టకుండా లేచినాడు. రెఫరీ కాడికి పోయి, 'నా చొక్కా చెయ్యి పక్క బంతికి తగిలింది, ఫౌల్' అన్నాడు. రెఫరీ చూడలే. నేను పక్కనే నిలబడుకోని ఉండా, నేనూ చూడలే. ఈయప్ప చెప్పకుంటే ఈ లోకంలో ఎవరికీ తెలీదు."

నవ్వులు ఆగిపోయాయి.

"ఫౌలైతే తెల్ల బంతి నా చేతికొస్తుంది, నాకు అనుకూలమైన చోట పెట్టుకోని కొట్టొచ్చు. అట్ల గెలిచినా. జనం ఊపిరి పట్టిందీ లేదు, పాడూ లేదు. నంద్యాల నుంచి ఈయప్ప కోసం వచ్చినోళ్లే ఈయప్ప మీద కుర్చీలు ఇసిరినారు. అమ్ముడుపోయినావని చొక్కా చింపినారు. అమ్ముడుపోలేదని నేను అరిస్తే ఎవరు ఇంటారు? అవతల పక్కోణ్ని కదా. ఆ తర్వాత ఈయప్పను ఏ ఊరోళ్లూ పోటీకి పిలవలే. ఆ కప్పు మా ఇంటామె తోమి పెడుతుంది గానీ, నేను ఇంతవరకు ఎవరికీ చూపించలే."

బాలమ్మ స్టవ్ తగ్గించింది. ఉమాశంకర్ గ్లాసులోకి చూస్తూ, "ఇంత సంగతి ఉంటే మాకు బస్సు కథ చెప్తాండావేం రాజన్నా?" అన్నాడు.

సుందరరాజు టవల్ మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. "మొదట్లో ఇదే చెప్తాంటినప్పా. ఓడిపోయిన కథ ఎవరింటారు? సగంలోనే లేచి పోయేటోళ్లు. బస్సు ఆపినాకనే కూర్చుండేది మొదలుపెట్టిరి."

లోకేశ్ ఆయనకు దగ్గరగా వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, నిజంగా తగిలిందా?"

"తగిలె."

"ఎంత తగిలింది? బంతి కదిలిందా?"

ఉమాశంకర్ అలవాటు కొద్దీ ముందుకు వంగాడు, బంతి ఇప్పుడు యాడికి పోతుందో అన్నట్లు. సుందరరాజు కుడిచేతి చొక్కా మణికట్టు దగ్గర పట్టుకుని, అంచు మీద బొటనవేలితో మెల్లగా రాశాడు.

"కదల్లేదప్పా. నూలుపోగు ఆనినంత. నాకు మటుకు తెలిసె."

మిగతావాళ్లు ఇంకొంచెంసేపు ఎదురుచూశారు. ఆయన దానికి ఇంకేమీ కలపలేదు.